అన్నీ మొదటివే

మా దేశానికి రెండు పక్కలా సముద్రమే. ఉత్తరాన ఉన్నదాన్ని ఆడ సముద్రం అంటాం, దక్షిణాన ఉన్నదాన్ని మగ సముద్రం అంటాం. ఆడ సముద్రం చెరువులా ఉంటుంది. దిలీ నగరం, మంత్రులు, రాయబారులు, ఓడరేవు, అందరూ అన్నీ దాని ఒడ్డునే. మగ సముద్రానికి ఎప్పుడూ ఎవరిమీదో ఒకరిమీద కోపం. నేను పుట్టింది దాని ఒడ్డున, బేయాసూ అనే పల్లెలో. నా నోటిదురుసు కూడా అక్కడిదేనని ఆఫీసులో అనుకుంటారు. అనుకోనీ.

మా తిమోర్ దేశం తన రక్షణ విధానాన్ని రాసుకోవాలని సంఘం వేసినప్పుడు నన్ను అందులో రాతపనికి పెట్టారు. పెద్దలు మాట్లాడతారు, ఈ ఎర్మెలిందా రాస్తుంది. రాసింది చూసి పెద్దలు, మేం అన్నది ఇది కాదంటారు. ఎర్మెలిందా మళ్లీ రాస్తుంది. ఇలా రెండు వానాకాలాలు గడిచాయి.

సలహా ఇవ్వడానికి మిత్రదేశం ఒక పెద్దమనిషిని పంపింది. ప్రెస్కాట్ ఆయన పేరు. మంచివాడే, మా మిరపకాయ పచ్చడి కూడా కళ్లనీళ్లు పెట్టుకుంటూ తినేవాడు. కానీ ప్రతి సమావేశంలోనూ ఒకటే ప్రశ్న. "మీకు మనుషులు తక్కువ, సామాను తక్కువ, డీజిల్ ఇంకా తక్కువ. ఇంతలో దేన్ని మొదట కాపాడుకుంటారు? ఒక్కటి చెప్పండి." ఒక్కటి చెప్పమంటే మావాళ్లకు ఒళ్లుమంట. ఇంటిల్లిపాదీ అన్నానికి కూర్చుంటే వీళ్లలో ఎవరికి పెట్టమంటారని అడిగినట్టుంటుంది వాళ్లకి. పెద్ద దేశాలకు ఈ బాధ లేదు. అన్నిటికీ పెట్టి, మిగిలింది దాచుకుంటాయి. చిన్నదేశం మాత్రం ఏదో ఒకదాన్ని పస్తుంచక తప్పదు. ఆ మాట ఒప్పుకునే ధైర్యం మాకు లేదు.

నాకైతే ఆ ఒక్కటి ఏమిటో తెలుసు. ఇంకో మిత్రదేశం మాకు ఒక గస్తీ పడవ ఇచ్చింది. తెల్లగా, కొత్త పెళ్లికూతురిలా దిలీ రేవులో కట్టేసి ఉంటుంది. దాన్ని మగ సముద్రం వైపు పంపాలి. అక్కడ దొంగతనంగా చేపలు పట్టే పరాయి ఓడలను తరమాలి. గల్లంతైన మనవాళ్లను వెతకాలి. అంతే నా కోరిక. విధానంలో ఏది మొదటిదని రాస్తే డీజిల్ దానికి వెళ్తుంది. అందుకే ఆ మొదటి స్థానం కోసం నేను పోట్లాడాను.

నా తమ్ముడు అనక్లేతో బేయాసూలో చేపలు పట్టుకుని బతికేవాడు. ఫోన్ చేస్తే ముందు నన్ను ఏడిపించి, తర్వాతే క్షేమం అడిగేవాడు.

"రాత్రి మళ్లీ వచ్చారక్కా ఆ ఓడలోళ్లు. వాళ్ల లైట్లు చూస్తే మీ దిలీ ఏ మూలకి. మా ఆవిడ అక్కడికే కాపురం మార్చేద్దాం అంటోంది."

"వలలు?"

"కోసేసి పోయారు. మేం చెయ్యూపితే వాళ్లూ ఊపారులే. మర్యాద తెలిసినోళ్లే పాపం."

"నవ్వులాటగా ఉందా నీకు? అంత దూరం వెళ్లొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"దగ్గర్లో చేపల్ని ఆళ్లు ఉంచితే కదక్కా. అది సరే, నీ కాగితాల్లో మేం ఉన్నామా?"

"ఉన్నారు. చివరి పేజీలో."

"చివరి పేజీ నువ్వూ చదవవు, నాకు తెలుసు. స్కూల్లో కూడా చదివేదానివి కాదు. కాస్త ముందుకు జరుపు."

జరుపుతానని మాట ఇచ్చాను.

ఎంతకీ తెగకపోయేసరికి పెద్దలు విషయాన్ని చాప మీదికి తెచ్చారు. భూమి తగాదా అయినా, పెళ్లి మాట అయినా, అన్నదమ్ముల కొట్లాట అయినా మా దగ్గర చాప పరచాల్సిందే. చుట్టూ కూర్చుంటాం. మధ్యలో వక్కాకుల బుట్ట ఉంటుంది. మాట ఒప్పుకున్నవాళ్లు బుట్టలోంచి తీసుకుని నములుతారు. ఒక్కరు తీసుకోకపోయినా చాప మడవరు. మడిచాక మాత్రం, అదే మాట మీద ఆ ఏడాది పంట ఇంటికొచ్చేదాకా మళ్లీ పరవరు. పరిస్తే మాట చెడుతుందని భయం. ఆఫీసులో బల్లలూ కుర్చీలూ పక్కకు జరిపి, ఏసీ కింద చాప వేశారు.

"ఓటు వేసుకోవచ్చు కదా?" అన్నాడు ప్రెస్కాట్ నా చెవిలో.

"చాప మీద ఓట్లుండవండీ. ఓడినవాడు ఇంటికెళ్లి కత్తి నూరుకుంటాడు. ఆ ముచ్చట కూడా ఒకసారి చూశాం."

చాపకు పెద్ద బెరెలాకా. అది ఆయన యుద్ధకాలపు పేరు. అసలు పేరు ఆయన భార్యకు కూడా గుర్తుండదు. దేశాన్ని ఆక్రమించిన పరాయి సైన్యంతో ఇరవై నాలుగేళ్లు కొండల్లో పోరాడిన మనిషి. మా అమ్మ నన్ను తీసుకుని కొండల్లోకి పారిపోయినప్పుడు, నడవలేని నన్ను వీపున మోసింది ఆయనే. మా నాన్న ఆయన పక్కనే చనిపోయాడు. ఆయన్ని తాతా అని తప్ప ఇంకోలా నేను పిలవలేను. అందుకే ఆయనతో పోట్లాడటం నాకు రెట్టింపు కష్టం.

ఒకాయన సరిహద్దు మొదటిదన్నాడు. ఒకాయన కొండదారులు మొదటివన్నాడు. కొండల మీద పాత స్థావరాలను బాగుచేయడమే మొదటిదని ఇంకొకాయన అన్నాడు. అమరుల గుర్తుగా కట్టాల్సినవి ఉన్నాయని ఒకావిడ కన్నీళ్లు పెట్టుకుంది. అందరి మాటలూ నిజమే. అదే వచ్చిన చిక్కు.

నా వంతు వచ్చింది.

"తాతా, ఆనాడు వాళ్లు మన మీదికి ఏ దారిన వచ్చారు?"

"సముద్రం దారినే."

"మరి దాన్ని కదా ముందు చూసుకోవాలి?"

బెరెలాకా నా వైపు చూశాడు. "వాళ్లొచ్చారు, మేం కొండెక్కాం. ఎక్కినోళ్లం బతికాం. ఒడ్డున ఉన్నోళ్లు ఒడ్డునే పోయారు. సముద్రానికి కాపలా కాసి బతికినోణ్ణి ఒక్కణ్ణి చూపించు తల్లీ, నీ మాటే మొదటిదని నేనే రాయిస్తా."

"మీరు యుద్ధం గురించి చెబుతున్నారు. నేను వలల గురించి చెబుతున్నా."

"వలలు పోతే మళ్లీ అల్లుకుంటారు. దేశం పోతే?"

"వలలతోబాటు మనుషులు కూడా పోతున్నారు తాతా."

"మా కాలంలో కొండల మీద ఎంతమంది పోయారో నీకు చెప్పాలా?" అన్నాడు. అందులో కోపం లేదు. ఆ చాప మీద ఉన్న ప్రతి ఒక్కరి వెనకా కొండలో పాతిపెట్టినవాళ్లు ఉన్నారు. సముద్రంలో పోయినవాళ్లకు సమాధి లేదు కాబట్టి వాళ్ల తరఫున మాట్లాడేవాళ్లూ లేరు. దేశం మొత్తం సముద్రానికి వీపు పెట్టి కూర్చుందని నాకు ఆరోజు తెలిసొచ్చింది.

చివరికి ఎవరో తేల్చారు. "ఎందుకీ గొడవంతా. అన్నీ మొదటివే అని రాద్దాం." అందరి ముఖాలూ వెలిగిపోయాయి. ఎవరినీ నొప్పించకుండా పని అయిపోయే దారి దొరికితే మావాళ్లకు అంతకన్నా పండగ లేదు. బుట్ట చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చింది. నేను తీసుకోకుండా పక్కవాళ్లకు అందించాను.

పెద్దలు చాప మడవలేదు. కాఫీలు తాగారు. ఒకరి పందుల గురించి ఒకరు అడిగారు. మర్నాడు వచ్చి కూర్చున్నారు, ఆ మర్నాడూ కూర్చున్నారు. బుట్ట రావడం, నేను దాటించడం. కొండల్లో అన్నేళ్లు కూర్చున్నవాళ్లకు నేనొక లెక్కా. ప్రెస్కాట్ ఒక్కడే సంబరపడ్డాడు. "మీరు పట్టు వదలకండి. అన్నీ మొదటివంటే ఏదీ మొదటిది కాదు," అన్నాడు. నాకు తెలుసు. నేను వదిలే రకం కూడా కాదు.

ఒకరోజు పొద్దున్నే నా మరదలు జేలియా ఫోన్ చేసింది.

"వదినా, ఆయన నిన్న రావాల్సింది. రాలేదు. ఇంజన్ ఆగిపోయిందట. పడవ తూర్పు దిక్కుకి కొట్టుకుపోతుంటే మన ఊరోళ్లు చూశారట. నిలబడి చొక్కా ఊపుతున్నాడట. అలలకి వీళ్ల చిన్న పడవ దగ్గరికి పోలేకపోయింది. పెద్ద పడవైతే చేరుకోవచ్చంటున్నారు. నువ్వు అక్కడ ఉన్నావు కదా వదినా."

బతికే ఉన్నాడన్నమాట. పెద్ద పడవ నేను పనిచేసే చోటికి నడిచివెళ్లేంత దూరంలో ఉంది. నేను రేవుకు పరుగెత్తాను.

పడవ కెప్టెన్ ఎవురీకో నాకు దూరపు చుట్టం. ఇస్త్రీ చేసిన తెల్లబట్టల్లో, కట్టేసిన పడవ మీద నిలబడి ఉన్నాడు. చెప్పిందంతా విని టోపీ తీసేశాడు.

"పడవ సిద్ధమే అక్కా. మనుషులూ సిద్ధమే. డీజిల్ ఒక్క ప్రయాణానికి ఉంది. దాన్ని విధానం విడుదల రోజుకి అట్టేపెట్టమన్నారు. అతిథుల్ని ఎక్కించుకుని అఖాతం చుట్టి తీసుకురావాలి."

"అక్కడ మనిషి చొక్కా ఊపుతున్నాడు ఎవురీకో."

"నాకు తెలీదా. సంతకం తెండి, అప్పుడే తాడు విప్పేస్తా. పోయినసారి సంతకం లేకుండా వెళ్లినాయన ఇప్పుడు గోదాముకి కాపలా. పైవాళ్లనడిగితే ఏమంటారో తెలుసా? సముద్రంలో మనుషుల్ని వెతకడం మన పని అని ఎక్కడ రాసుంది అంటారు."

"రాశాను. నా చేత్తో నేనే రాశాను."

"చాప మడిచారా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"మడవకపోతే అది రాసినట్టు కాదక్కా. మీకు నేను చెప్పాలా."

తిరిగి ఆఫీసుకు ఎలా వచ్చానో తెలియదు. పెద్దలు కూర్చునే ఉన్నారు, కాఫీ తాగుతూ. నేను వెళ్లి నా చోట కూర్చుని, బుట్ట నా దగ్గరికి లాక్కుని, వక్కాకు తీసి నోట్లో వేసుకున్నాను.

"ఏమైంది తల్లీ?" అన్నాడు బెరెలాకా.

చెప్పాను. చెబుతుంటే ఆయన ముఖం పాలిపోయింది. అనక్లేతో మా నాన్న పోయాక పుట్టినవాడు. వాడికి పేరు పెట్టింది ఆయనే.

"ముందే చెప్పొద్దా? ఇంతసేపు మమ్మల్ని కాఫీ తాగనిచ్చావా?" అంటూ లేచి, చాపను తనే మడిచాడు. అందరూ వచ్చి నా భుజం పట్టుకున్నారు. ఆ క్షణాన వాళ్లలో ఒక్కరు కూడా నాకు శత్రువు కాదు. సరిహద్దు మొదటిది, కొండదారులు మొదటివి, స్థావరాలు, గుర్తులు మొదటివి, మగ సముద్రం కూడా మొదటిది. మిగతావీ కలిపి మొత్తం తొమ్మిది. రాసిన కాగితాలు తీసుకుని, బెరెలాకాను వెంటబెట్టుకుని, సంతకం పెట్టే అధికారి దగ్గరికి వెళ్లాను.

ఆయన మర్యాదస్తుడు. బెరెలాకాను చూసి లేచి నిలబడ్డాడు. కాగితం మొత్తం చదివాడు.

"ఉందమ్మా, వెతకడం మన పనే అని స్పష్టంగా ఉంది. మొదటిదే. కాకపోతే సరిహద్దు కూడా మొదటిదేనని ఉంది. వాళ్లు పొద్దున్నే మనిషిని పంపారు, ఈ డీజిల్ తమకే కావాలని. కొండదారులవాళ్లదీ అర్జీ ఉంది. నేను ఒకరికి ఇస్తే, మా మొదటిదాన్ని ఎందుకు వెనక్కి నెట్టావని రెండోవాళ్లు నా మీద పడతారు. తేలేదాకా అది విడుదల రోజుకే ఉంటుంది. వీటిలో ఏది ముందో చెప్పండి, ఇప్పుడే సంతకం పెడతా."

"నేను చెబుతున్నా. సముద్రం ముందు," అన్నాడు బెరెలాకా.

"మీరంటే నాకు దేవుడితో సమానం సార్. కానీ మీరొక్కరూ చెబితే సరిపోదు. చాప మీద అందరూ కలిసి చెప్పాలి."

చాపను మడిచింది బెరెలాకా చేతులే. "మళ్లీ పరుస్తాను. మాట చెడితే నామీద చెడనీ," అన్నాడు. అందరికీ ఫోన్లు చేశాడు. పని అయిపోయింది కదా అని పెద్దలు అప్పటికే బస్సులెక్కి ఊళ్లకు బయల్దేరారు. మా కొండల్లో ఫోన్లు పలకవు. శత్రువుకి దొరకకుండా అన్నేళ్లు దాచిన కొండలే ఇప్పుడు వాళ్లను మాకూ దొరకనివ్వలేదు. అధికారి గది బయట బెంచీ మీద కూర్చుని ఆయన ఒకే నంబర్లు మళ్లీ మళ్లీ నొక్కుతుంటే చూడలేకపోయాను. అంత పోరాడిన మనిషి ఒక్క డీజిల్ చీటీ దగ్గర ఓడిపోయాడు.

జేలియా ఫోన్ చేసింది. "బయల్దేరిందా వదినా?"

డీజిల్ ఉంది, కానీ అతిథుల షికారుకి దాచారని ఏ నోటితో చెప్పను?

"మరమ్మతులో ఉంది జేలియా. ఏదో భాగం పాడైందట. బాగవగానే వస్తుంది."

"చెడిపోయిందా," అంది. "సరే. మనదే దరిద్రం."

ఆ రోజు వెళ్లిపోయింది. మర్నాడు బేయాసూవాళ్లు తమ చిన్న పడవల్లోనే వెళ్లి వెతికారు. నీళ్ల డబ్బా ఒకటి దొరికింది, తెడ్డు ఒకటి దొరికింది. తర్వాత ఏమీ దొరకలేదు. మనిషి లేకపోతే అతని బట్టలైనా భూమిలో పెట్టాలి కాబట్టి, పండగలకు వేసుకునే అతని చొక్కా మడిచి పాతిపెట్టాం. జేలియా నల్లబట్టలు కట్టుకుంది, నేనూ కట్టుకున్నాను. బెరెలాకా అంత దూరం బస్సులో వచ్చాడు. గుంటలో మట్టి వేసి, సముద్రం వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. ఆయన అటు తిరిగి నిలబడటం చూడటం నాకు అదే మొదలు.

విడుదల రోజుకు రేవంతా అలంకరించారు. పడవకు మా నేత శాలువాలు చుట్టారు, అతిథులకు కప్పారు. బ్యాండు మేళం, ఉపన్యాసాలు, పిల్లల డాన్సు. ప్రెస్కాట్ అచ్చయిన విధానం పుస్తకం చేత్తో పట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"ఎర్మెలిందా గారూ, మొదటి లక్ష్యాలు తొమ్మిది కనిపిస్తున్నాయి. అనువాదంలో ఏమైనా పొరపాటు జరిగిందా?"

"లేదండీ. సరిగ్గానే ఉంది."

ఆయన నా నల్లబట్టలు చూసి పుస్తకం మూసేశాడు.

అతిథులను పడవ ఎక్కించారు. సంఘంవాళ్లందరినీ ఎక్కమన్నారు. బెరెలాకా తనకు మోకాళ్లు నొప్పి అన్నాడు. నేను ఏ సాకూ చెప్పలేదు, కదలకుండా నిలబడ్డానంతే. ఎవురీకో తాడు విప్పుతూ నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. పడవ కదిలింది. ఎంత చక్కగా వెళ్లిందో చెప్పలేను. నీటిని రెండుగా చీల్చుకుంటూ అఖాతం మధ్యదాకా పోయి, అక్కడ తిరిగింది. ఒడ్డున జనం చప్పట్లు కొట్టారు. నాకు వాళ్లందరినీ తిట్టాలనిపించింది. ఏమని తిట్టాలో తెలియలేదు. వాళ్లు చేసిన తప్పేముంది? ఎవరి తప్పో వేలుపెట్టి చూపించలేకపోవడం అన్నిటికంటే ఘోరంగా ఉంది.

ఫోన్ మోగింది.

"వదినా," అంది జేలియా. వెనక టీవీ శబ్దం, అందులో ఇక్కడి బ్యాండు మేళమే. "మా ఊరి పెద్ద ఇంట్లో ఉన్నా. టీవీలో చూపిస్తున్నారు. ఆ పడవేగా? నడుస్తోంది వదినా. బాగైందన్నమాట."

"ఊఁ."

"ఆలస్యమైంది, నాకు తెలుసు. నేనేం పిచ్చిదాన్ని కాదు. అయినా ఇప్పుడు బాగైంది కదా, ఒక్కసారి ఇటు పంపించు వదినా. ఆయనది ఏదైనా, చిన్న ముక్కైనా దొరికితే చాలు. చొక్కా పక్కన పెట్టుకుంటా."

పడవ ఒడ్డుకు వచ్చేసింది. అతిథులు శాలువాలు సర్దుకుంటూ, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగుతున్నారు. ఎవురీకో తాడు గూటానికి చుట్టి, లోపలికి వెళ్లి ఇంజన్ ఆపేశాడు.

"పంపిస్తాను," అన్నాను.